చాలా కాలం తరువాత మళ్ళీ స్కూబా: డైవ్ కంప్యూటరుకు తెలియని లెక్కలు

స్కూబా డైవింగ్ నేర్చుకున్న వారికి ఇచ్చే కార్డు మీద గడువు తేదీ ఉండదు. వీసాలూ, పాస్‌పోర్టులూ, డ్రైవింగ్ లైసెన్సులూ ఎప్పటికప్పుడు పొడిగించుకోవడం అలవాటైన మనకి ఇది కాస్త వింతగానే ఉంటుంది. ఎప్పుడో సెలవులకి హవాయి వెళ్ళినప్పుడో, కోజుమెల్ వెళ్ళినప్పుడో నేర్చుకుని, ఆ తరువాత ప్రాజెక్టులు, పిల్లలు, ఊళ్ళు మారడాలు, వీటి మధ్య నీళ్ళకి దూరమైపోయిన తెలుగు మిత్రులు నాకు చాలామందే తెలుసు. వాళ్ళ కార్డు ఇవాళ కూడా చెల్లుతుంది.

కార్డు చెల్లినంత మాత్రాన మనిషి సిద్ధంగా ఉన్నట్టు కాదని అందరికీ తెలుసు. అయితే మన వృత్తిలో ఉన్నవారికి ఇంకొక చిక్కు ఉంది. మనకి యంత్రం మీద నమ్మకం ఎక్కువ. చేతికి డైవ్ కంప్యూటరు ఉంది, లోతూ సమయమూ అదే చూసుకుంటుంది, మిగిలింది నీళ్ళలో దిగితే అదే గుర్తొస్తుంది అనే ధీమా. ఈ వ్యాసంలో ఆ కంప్యూటరు ఏ లెక్క కడుతుందో, ఏ లెక్క కట్టదో ముందు చూద్దాం. కట్టని వాటిని మనం ఎలా సరిచూసుకోవాలో తరువాత చెబుతాను. అయిదేళ్ళ విరామం తరువాత మళ్ళీ దిగే ముందు నేను ఒక పట్టిక రాసుకున్నాను. ఇందులో చాలా భాగం దానిలోదే.

మేకలు, హాల్డేన్, పదహారు గదులు

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పైన 1, 10 మీటర్ల దగ్గర 2, 18 మీటర్ల దగ్గర 2.8. మనం పీల్చే గాలి కూడా అదే పీడనంలో వస్తుంది కాబట్టి, అందులోని నత్రజని మామూలు కంటే ఎక్కువగా రక్తంలోనూ కణజాలంలోనూ కరుగుతుంది. త్వరగా పైకి వచ్చేస్తే, మూత తీసిన సోడా బుడ్డిలోలాగా, ఆ నత్రజని బుడగలు కడుతుంది. దీన్నే డీకంప్రెషన్ వ్యాధి అంటారు. డైవర్ల భాషలో 'బెండ్స్'.

దీనికి మొదటిసారి గట్టి లెక్క కట్టినది జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నౌకాదళం కోసం మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో తన సహచరులతో కలిసి ఆ ఫలితాలను ప్రచురించాడు. ఆయన చేసిన ఊహ చాలా తేలికైనది. శరీరాన్ని అయిదు గదులుగా అనుకుందాం. ఒక్కొక్క గదికి ఒక అర్ధాయువు: 5, 10, 20, 40, 75 నిమిషాలు. అర్ధాయువు 5 నిమిషాలు అంటే, ఆ గది ఇంకా నిండవలసిన దానిలో సగం 5 నిమిషాల్లో నిండుతుంది, మిగిలిన దానిలో సగం ఇంకో 5 నిమిషాల్లో, అలా.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ 13 ఏళ్ళ వయసులోనే, 1906లో, తండ్రి ప్రయోగాల కోసం డైవింగ్ సూటు తొడుక్కుని సముద్రంలోకి దిగాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పీడన గదుల్లో తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. జన్యుశాస్త్రంలో పేరు పొందిన ఈయన 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. విద్యార్థుల చదువు కోసం తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకి రాసి ఇచ్చాడు. డైవ్ కంప్యూటరు చరిత్రలో మన ఊరి పేరు ఒకటి ఉందని చాలామందికి తెలియదు.

ఆ తరువాత స్విట్జర్లాండులో ఆల్బర్ట్ బ్యూల్‌మన్ ఆ గదులను 16కి పెంచి, అర్ధాయువులను 4 నిమిషాల నుంచి 635 నిమిషాల వరకు పరిచాడు. జెడ్.హెచ్.ఎల్.-16 అనే ఈ నమూనా ఇప్పటికీ చాలా డైవ్ కంప్యూటర్లలో నడుస్తోంది. కోడ్‌గా రాస్తే ఇది పదహారు అంకెల అర్రే, దాని మీద ఒక లూపు. కొన్ని సెకన్లకి ఒకసారి లోతు చూసి, ఒక్కొక్క గదిలో ఎంత నత్రజని చేరిందో సరిచేసి, ఏ గదీ తన హద్దు దాటకుండా ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చూపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 18 మీటర్ల లోతులో 24 నిమిషాలు ఉంటే 4 నిమిషాల గది 98 శాతం నిండిపోతుంది. అదే 635 నిమిషాల గది 56 నిమిషాలు ఉన్నా 6 శాతమే నిండుతుంది. ఖాళీ అవడం కూడా అదే వేగంతో. మూడు రోజులు డైవ్ చెయ్యకపోతే అన్నిటికంటే నెమ్మదైన గది కూడా ఇంచుమించు మామూలు స్థితికి వచ్చేస్తుంది.

అంటే అయిదేళ్ళ తరువాత దిగుతున్న మనిషికీ, మూడు రోజులు విశ్రాంతి తీసుకుని దిగుతున్న మనిషికీ కంప్యూటరు దృష్టిలో తేడా లేదు. సరిగ్గా చెప్పాలంటే, నిన్న మొన్నటి దాకా డైవ్ చేస్తున్న వాడికంటే మీకే ఎక్కువ నిమిషాలు ఇస్తుంది. చేతిలో అలవాటు బాగా తగ్గిపోయిన రోజునే తెర మీద అంకె అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇది కంప్యూటరులో బగ్ కాదు. అది కడుతున్న లెక్క నత్రజని గురించి, మీ గురించి కాదు.

ప్రాణాలు పోతున్నది దేనివల్ల?

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 డైవింగ్ మరణాలను విశ్లేషించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేల్చగలిగిన వాటిలో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలైనవే. ప్రాణాంతకమైన దెబ్బల్లో మొదటి మూడూ ఇవి: ఊపిరాడకపోవడం 33 శాతం, రక్తనాళాల్లోకి గాలి బుడగ చేరడం 29 శాతం, గుండెకు సంబంధించినవి 26 శాతం. మణికట్టు మీది కంప్యూటరు ఏ జబ్బు రాకుండా కాపలా కాస్తోందో, ఆ డీకంప్రెషన్ వ్యాధి ఈ మూడింటిలో లేదు.

రెండవ దాని గురించి ఒక మాట చెప్పాలి. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు అవుతుంది. ఊపిరితిత్తులు అంత సాగలేవు, చిట్లుతాయి. 30 నుంచి 20 మీటర్లకి వస్తే అదే గాలి మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. తక్కువ లోతులో ఉన్నాం కదా, ఏమవుతుందిలే అనుకోవడం అందుకే తప్పు. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి దూసుకొచ్చే వాడికి ఆఖరి 10 మీటర్లే అన్నిటికంటే ప్రమాదకరం.

56 నిమిషాలు కాదు, 20 నిమిషాలు

ఇప్పుడు గాలి లెక్క చూద్దాం. అమెరికాలో మనకి సాధారణంగా అద్దెకి ఇచ్చేది 80 ఘనపు అడుగుల అల్యూమినియం ట్యాంకు. దాని లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు, నిండా ఉంటే పీడనం 200 బార్లు. 50 బార్లు అత్యవసరానికి వదిలేస్తే, వాడుకోవడానికి మిగిలేది 150 బార్లు, అంటే సుమారు 1,650 లీటర్లు.

నింపాదిగా ఉన్న డైవరు నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 18 మీటర్ల దగ్గర అది 2.8 రెట్లు, అంటే 56 లీటర్లు. గాలి 29 నిమిషాలు వస్తుంది. చాలా కాలం తరువాత దిగిన మనిషి, కొంత భయం, కొంత ఉత్సాహం, కాళ్ళూ చేతులూ అనవసరంగా ఆడించడం, వీటితో 30 లీటర్లు పీలిస్తే? నిమిషానికి 84 లీటర్లు. ట్యాంకు 20 నిమిషాల్లోపే అయిపోతుంది.

ప్యాడీ వారి పట్టికలో 18 మీటర్ల దగ్గర ఆగకుండా పైకి రాగల గరిష్ఠ సమయం 56 నిమిషాలు. కంప్యూటరు చూపించే అంకె కొంచెం అటూ ఇటూగా ఉండవచ్చు. కానీ నిజమైన హద్దు 20 నిమిషాలు. ట్యాంకు పీడనాన్ని కూడా చదివి, గాలి ఇంకా ఎంతసేపు వస్తుందో చెప్పే కంప్యూటర్లు ఉన్న మాట నిజమే. అయితే వాటి అంచనా మీరు ఇప్పటిదాకా పీల్చిన తీరుని బట్టి. ఇంకో రెండు నిమిషాల్లో మాస్కులోకి నీళ్ళు వచ్చి మీరు గాభరా పడతారని వాటికి తెలియదు.

కాబట్టి మొదటి రోజు గాలి లెక్క మీరే కట్టుకోండి. నేను 30 లీటర్లు వేసుకుని, 10 మీటర్ల లోతుకి 27 నిమిషాలు అని కాగితం మీద రాసుకుని దిగాను.

ముందు శరీరం

డైవింగుకి ముందు నింపే వైద్య ప్రశ్నావళిని 2020లో కొత్తగా రాశారు. వయసు 45 దాటిందా, పొగ తాగుతారా, రక్తపోటు ఉందా, కొలెస్టరాల్ ఎక్కువా, దగ్గర బంధువుల్లో 50 ఏళ్ళలోపు గుండె జబ్బు వచ్చినవారున్నారా అని అందులో విడివిడిగా అడుగుతారు. కొన్ని ప్రశ్నలకి 'అవును' అంటే డాక్టరు సంతకం కావాలి. పడవ కదిలిపోతోందని అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయడం మనవాళ్ళలో చూస్తూనే ఉంటాం.

మనకి ఇది కాగితం పని కాదు. దక్షిణాసియా వారిలో గుండె రక్తనాళాల జబ్బుల ముప్పు ఎక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో ఒక ప్రకటనే విడుదల చేసింది. నీళ్ళలో మునిగినప్పుడు కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు జరుగుతుంది, చల్లటి నీళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె మీద భారం పెరుగుతుంది. ముప్ఫైలో నేర్చుకున్నప్పుడు లేని రక్తపోటు నలభై దాటాక ఉండవచ్చు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కూడా మనదే. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు డైవింగ్ అని చెప్పి మరీ చూపించుకోండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. ఓపెన్ వాటర్ కోర్సులో మిమ్మల్ని 200 మీటర్లు ఆగకుండా ఈదమని, 10 నిమిషాలు తేలమని అడిగి ఉంటారు. డబ్బు కట్టే ముందు దగ్గరలో ఉన్న ఈత కొలనులో అదే మళ్ళీ చేసి చూడండి. రాలేదంటే నెల రోజులు ఈతకి వెళ్ళి, ఆ తరువాత డైవింగ్ సంగతి ఆలోచించండి.

సామాను

రెగ్యులేటర్ వాడకపోయినా ముసలిదవుతుంది. లోపలి రబ్బరు రింగులు ఎండిపోతాయి, ఉప్పు గడ్డ కడుతుంది. గరాజ్‌లో ఏళ్ళ తరబడి ఉన్న దాన్ని సర్వీసు చేయించకుండా నోట్లో పెట్టుకోకండి. బి.సి.డి.లో గాలి నింపి ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నకి తగ్గిందేమో చూడండి. గాలి నింపే మీట నొక్కి వదిలినప్పుడు ఇరుక్కుపోతోందేమో కూడా చూడండి. అది ఇరుక్కుంటే నీటి అడుగున మీరు ఆపలేని లిఫ్టు ఎక్కినట్టే.

కంప్యూటరుకి కొత్త బ్యాటరీ వెయ్యండి. పాత అమరికలు కూడా చూడండి. చివరిసారి 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌తో దిగి, కంప్యూటరు అక్కడే ఉండిపోయిందనుకోండి. ఇప్పుడు మామూలు గాలితో దిగితే నత్రజనిని తక్కువగా లెక్క కట్టి మీకు ఎక్కువ సమయం ఇచ్చేస్తుంది. ఇది మనకి బాగా తెలిసిన జబ్బే: కోడ్ సరైనదే, కాన్ఫిగరేషన్ పాతది.

ట్యాంకు వాల్వుని పూర్తిగా తెరిచి, పావు వంతు వెనక్కి తిప్పమని పాత పాఠం. ఇప్పుడు చాలామంది శిక్షకులు పూర్తిగా తెరిచే ఉంచమంటున్నారు, సగం మూసిన వాల్వుతో దిగే ప్రమాదం తప్పుతుందని. దూకే ముందు మీటరు వైపు చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు పడుతూ లేస్తూ ఉంటే వాల్వు సరిగా తెరుచుకోలేదన్నమాట.

సీసం ఎంత?

నా లాగ్ బుక్కులో '6 కిలోలు' అని ఉంది. అది ఫ్లోరిడా సముద్రంలో, పల్చటి సూటుతో, అప్పటి నా ఒంటితో కుదిరిన లెక్క. ఆ మూడింటిలో ఏది మారినా అంకె మారుతుంది.

సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం బరువు. సామానుతో కలిపి 100 కిలోల మనిషికి ఈత కొలనులో కుదిరిన సీసం కంటే సముద్రంలో సుమారు రెండున్నర కిలోలు ఎక్కువ కావాలి. 8 కిలోల కొవ్వు పెరిగితే, కొవ్వు నీటి కంటే తేలిక కాబట్టి, ఇంకో కిలో. మాంటెరేలో వేసుకునే 7 మిల్లీమీటర్ల సూటుకైతే ఇంకా చాలా. ట్యాంకులోని గాలికి కూడా బరువుంది: ఈ అల్యూమినియం ట్యాంకు డైవ్ చివరికి రెండు కిలోల పైన తేలికై, తానే పైకి తేలడం మొదలుపెడుతుంది.

అందుచేత జ్ఞాపకాన్ని నమ్మకుండా కొలుచుకోవాలి. లోతు తక్కువ చోట, బి.సి.డి. ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపితే నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లిగా మునగాలి. నిండు ట్యాంకుతో కొలిస్తే ఇంకో రెండు కిలోలు కలుపుకోండి. ఎక్కువ సీసం వేసుకుంటే మంచిదేగా అనుకోకండి. దాన్ని మొయ్యడానికి బి.సి.డి.లో ఎక్కువ గాలి కావాలి, పైకి వస్తున్న కొద్దీ ఆ గాలే ఉబ్బి మిమ్మల్ని లాగేస్తుంది.

కొలనులో పాఠం

శిక్షకుడితో ఒక పూట మళ్ళీ నేర్చుకోవడానికి ప్రతి సంస్థకీ ఒక పేరుంది. ప్యాడీలో 'రీయాక్టివేట్', ఎస్.ఎస్.ఐ.లో 'స్కూబా స్కిల్స్ అప్‌డేట్'. పేరు ఏదైనా, ఈ అయిదూ చేయించమని అడగండి: నీళ్ళు నిండిన మాస్కు ఖాళీ చెయ్యడం, మాస్కు పూర్తిగా తీసి ఒక నిమిషం ఊపిరి పీల్చడం, జారిపోయిన రెగ్యులేటర్‌ని వెతికి పట్టుకోవడం, తోటి డైవరు గాలి పంచుకోవడం, కదలకుండా ఒకే లోతులో తేలడం.

వీటిలో మాస్కు తీయడమే అసలు పరీక్ష. ముక్కుకి నీళ్ళు తగలగానే ఊపిరి బిగుసుకుంటుంది, పైకి వెళ్ళాలనిపిస్తుంది. నాకు మొదటిసారి గుండె దడ తగ్గడానికి రెండు నిమిషాలు పట్టింది, మూడోసారికి ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించనంత వరకు చెయ్యడమే పాఠం. గాలి అయిపోయినప్పుడు ఆలోచించడానికి సమయం ఉండదు, చెయ్యి దానంతట అది వెళ్ళాలి. చదివితే వచ్చేది జ్ఞానం, చేతికి వచ్చేది అలవాటు. అయిదేళ్ళలో పోయేది రెండవదే.

మొదటి డైవ్

లోతు 10 మీటర్ల లోపు, ప్రవాహం లేని చోటు, ఒడ్డు నుంచి దిగే వీలు, తొందరలేని తోడు. ఫ్లోరిడాలో రివియెరా బీచ్ దగ్గర బ్లూ హెరాన్ వంతెన కింద లోతు 6 మీటర్లే. ఆటు పోట్ల మధ్య నీరు నిలకడగా ఉండే సమయం చూసుకుని దిగాలి, లేకపోతే ప్రవాహం లాగుతుంది. కాలిఫోర్నియా వారికి మాంటెరే బ్రేక్‌వాటర్ ఉంది కానీ నీళ్ళు 10-13 డిగ్రీలే. వెచ్చటి నీళ్ళలో నేర్చుకున్నవారు అక్కడ శిక్షకుడు లేకుండా దిగకపోవడమే మంచిది. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి రండి.

ఇంకొకటి, మొహమాటం. స్నేహితులంతా కలిసి వెళ్ళినప్పుడు, 'నేను దిగి అయిదేళ్ళయింది' అని చెప్పడానికి మనకి నోరు రాదు. పడవ ఖర్చు అందరూ పంచుకున్నాక, నీళ్ళలో సగం దారిలో బొటనవేలు పైకి చూపించి 'పోదాం పద' అనడం ఇంకా కష్టం. డైవింగులో మాత్రం నియమం స్పష్టం: ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా డైవ్ ఆపవచ్చు. ఆపిన వారిని ఎవరూ ఏమీ అనకూడదు. ఇది పడవ ఎక్కే ముందే మీ జట్టుతో గట్టిగా అనుకోండి. మీ వాళ్ళలో ఎవరైనా చాలా కాలం తరువాత దిగుతుంటే, ఆ మాట వాళ్ళ చేత అనిపించకుండా మీరే అనండి.

సెలవులకి ఇండియా వెళ్ళి అండమాన్‌లో దిగే ఆలోచన ఉన్నవారికి తిరుగు ప్రయాణం లెక్క కూడా కావాలి. ఆగకుండా పైకి రాగల డైవ్ ఒక్కటి చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 12 గంటలు, రోజుకి రెండు మూడు చొప్పునో, వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. టికెట్టు కొనేటప్పుడే ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే సరిపోతుంది.

ఈ మొత్తానికి పట్టేది ఒక డాక్టరు అపాయింట్‌మెంటు, సామాను సర్వీసుకి ఒక వారం, కొలనులో ఒక పూట, తక్కువ లోతులో ఒక డైవ్. అవి అయ్యాక కంప్యూటరుని నిశ్చింతగా నమ్మవచ్చు. దాని పని అది చక్కగానే చేస్తుంది.